హోటల్ కట్టి చూడు, కుర్చీలు కొని చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ మాట అన్నవాళ్ళు హోటల్ కట్టినట్టు లేరు. కట్టి ఉంటే మూడోది కూడా చేర్చేవాళ్ళు: లోపలికి సామాను కొని చూడు అని.

ఈ మధ్య నాకో కొత్త పిచ్చి పట్టుకుంది. ఫలానా హోటల్ ఎవరు కట్టారు, డబ్బు ఎక్కడ తెచ్చారు, కట్టాక ఏమైంది అని చదువుతూ కూచోవడం. (పొద్దున్నించీ కోడ్ రాసేవాడికి ఇదేం రోగం అనుకుంటున్నారేమో, కారణం ఉంది, కిందకి వెళ్ళాక చెప్తా.) చదివిన కొద్దీ నాకు అర్థమైంది ఒకటే. హోటల్ చరిత్రల్లో ఆర్కిటెక్ట్ పేరు ఉంటుంది, ఎన్ని అంతస్తులో ఉంటుంది, ఏ రాజుగారు బస చేశారో ఉంటుంది. మంచాలు, కుర్చీలు, పరదాలు, తివాచీలకి ఎంత అనుకున్నారు, ఎంతయింది, అవి పాడైనప్పుడు మళ్ళీ డబ్బు ఎవడిచ్చాడు అనేది మాత్రం దాదాపు ఎక్కడా ఉండదు. తీరా చూస్తే హోటల్ నిలబడటం, పడిపోవడం అన్నది ఆ లెక్క మీద చాలావరకు ఆధారపడి ఉంది.

హోటల్ వాళ్ళ భాషలో ఈ పద్దుని ఎఫ్ఎఫ్ అండ్ ఈ అంటారు. ఫర్నిచర్, ఫిక్స్చర్స్, ఎక్విప్‌మెంట్. బిల్డింగుని తలకిందులు చేసి గట్టిగా కుదిపితే ఏమేం కింద రాలిపడతాయో అదంతా ఎఫ్ఎఫ్ అండ్ ఈ అని ఒక మొరటు లెక్క. మన పరిశ్రమలో దీనికి సరిగ్గా సరిపోయేది టెస్టింగ్. ఎందుకంటారా? రెండూ ప్లానులో ఆఖర్న ఉంటాయి. ముందు పనులన్నీ లేటయి, ఖర్చు పెరిగి, చివరికి ఏం మిగిలితే దాంతో సర్దుకోవాల్సింది ఇవే. కానీ కస్టమర్ చెయ్యి పెట్టేది, ఒళ్ళు వాల్చేది వీటి మీదే. పునాదిలో ఎంత ఇనుము వేశారో రాత్రి పదింటికి వచ్చి పడుకునేవాడికి అనవసరం.

సరే, మన ఊరి నుంచే మొదలెడదాం. ఫలక్‌నుమా మొదట్లో హోటల్ కాదు, ఇల్లే. పైగా వంశానికి చెందిన నవాబ్ వికార్-ఉల్-ఉమ్రా 1884 మార్చిలో శంకుస్థాపన చేసి, 9 ఏళ్ళు కట్టించాడు. ఇటలీ పాలరాయి, యూరప్ నుంచి దీపాలు, సామాను, 101 మంది ఒక్కసారి కూర్చుని తినే భోజనాల బల్ల. మొత్తం 40 లక్షలయిందని చెప్తారు, ఆ కాలపు రూపాయల్లో. అంతటి ధనవంతుడు, హైదరాబాదు రాజ్యానికి ప్రధానిగా చేసినవాడు, చివరికి అప్పులపాలయ్యాడు. 1897 ప్రాంతంలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆ భవనానికి డబ్బు చెల్లించి తీసుకుంటే గానీ తేలిక పడలేదు. ఇల్లు ఎంతలో కట్టాలి అని లెక్క వేసుకున్నవాడు కూడా, ఆ ఇంటికి తగ్గ సామాను ఎంతవుతుంది అన్న దగ్గర జారిపోతాడు. గోడలకి ఒక హద్దు ఉంటుంది, స్థలం ఎంతుంటే అంతే. సామానుకి హద్దు లేదు. ఇంతకన్నా మంచిది ఎక్కడో ఒకచోట ఎప్పుడూ ఉంటుంది.

దీనికి కొసమెరుపు ఇంకోటుంది. 1950ల తర్వాత ఆ భవనం చాలాకాలం మూతపడి ఉంది. తాజ్ గ్రూపు వాళ్ళు 2000లో మొదలుపెట్టి, యువరాణి ఎస్రా దగ్గరుండి చూసుకోగా, 2010 నవంబర్లో 60 గదుల హోటల్‌గా తెరిచారు. కట్టడానికి 9 ఏళ్ళు, బాగుచెయ్యడానికి దాదాపు 10 ఏళ్ళు! కొత్తది కొనడం కన్నా పాతది నిలబెట్టడానికి ఎక్కువ కాలం పట్టింది. లెగసీ సిస్టమ్స్ మీద పనిచేసిన వాళ్ళెవరికీ ఇది వింతగా అనిపించదు లెండి.

నవాబుగారిది డాబు కోసం పెట్టిన ఖర్చు. అదే కాలానికి కాస్త అటుగా, అమెరికాలో ఒకాయన ఇదే పద్దుని పూర్తిగా వ్యాపారం కళ్ళతో చూశాడు. ఎల్స్‌వర్త్ స్టాట్లర్ చిన్నప్పుడే ఒక హోటల్లో సామాన్లు మోసే కుర్రాడిగా చేరి ఎదిగినవాడు. 1908లో బఫెలో నగరంలో 300 గదుల హోటల్ తెరిచాడు. ప్రతి గదికీ సొంత స్నానాల గది, ఒకటిన్నర డాలరు నుంచి అద్దె. ఆ రోజుల్లో వరండా చివర ఒక ఉమ్మడి స్నానాల గది ఉండటం మామూలు కాబట్టి, ఆ ధరకి ఇది నమ్మశక్యం కాని విషయం. ఎలా కుదిరింది? రెండేసి గదుల బాత్రూములు వీపు వీపు ఆనించి పెట్టి, పైనుంచి కిందదాకా నీళ్ళ గొట్టాలన్నీ ఒకే గొయ్యిలోంచి దించాడు. ఆ గొయ్యికి ఈనాటికీ ఆయన పేరే.

ఇది ప్లంబింగ్ తెలివి కదా, కుర్చీలకేం సంబంధం అంటారా? ఉంది. గొట్టాలు నిలువునా ఒకే వరసలో రావాలంటే పైగదీ కిందగదీ ఒకే కొలతలో ఉండాలి. గదులన్నీ ఒకే కొలత అయితే మంచమూ, బల్లా, అద్దమూ ఒకే కొలత. అప్పుడు గదికి ఇంత అని రాసుకుని, గదుల సంఖ్యతో గుణిస్తే బడ్జెట్ వచ్చేస్తుంది. ఒకటి విరిగితే స్టోర్ రూములోంచి ఇంకోటి తెచ్చి పెట్టొచ్చు. నవాబుగారి బల్ల విరిగితే ప్రపంచంలో దానికి జత లేదు. స్టాట్లర్ కుర్చీ విరిగితే పక్క గదిలోదే దాని జత. మనం ఒక క్లాసు రాసి మూడొందల ఆబ్జెక్టులు చేసుకున్నట్టు. ఆ గొలుసు హోటళ్ళన్నిటినీ 1954లో హిల్టన్ 11 కోట్ల 10 లక్షల డాలర్లకి కొన్నాడు. అప్పటికి స్టాట్లర్ పోయి పాతికేళ్ళు దాటింది. అయినా ఆయన వేసిన లెక్క అంత ధర పలికింది.

అయితే గుణకారం వచ్చినంత మాత్రాన సరిపోదని చెప్పే కథ చికాగోది. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

1927లో జేమ్స్ స్టీవెన్స్, ఆయన కొడుకు ఎర్నెస్ట్ కలిసి చికాగోలో స్టీవెన్స్ హోటల్ తెరిచారు. 3,000 గదులు. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్దది. ఖర్చు సుమారు 3 కోట్ల డాలర్లు. ఒక్కసారి ఊహించండి. గదికి మంచం, పరుపు, బల్ల, రెండు కుర్చీలు, బీరువా, అద్దం, దీపాలు, పరదాలు ఇలా తక్కువలో తక్కువ డజను వస్తువులు వేసుకున్నా, తలుపు తెరిచే రోజుకి 36,000 వస్తువులు చేరాలి. అవన్నీ ఒకేసారి కొన్నవి కాబట్టి ఒకేసారి పాతబడతాయి. ఇది అందరూ మర్చిపోయే సంగతి. ఊళ్ళో ఇళ్ళన్నీ ఒకే రోజు కట్టినవి కావు కాబట్టి ఒకే రోజు రిపేరుకి రావు. హోటల్ అలా కాదు, మొత్తం ఒకే రోజు పుడుతుంది, మొత్తం ఒకే ఏడు ముసలిదవుతుంది.

తెరిచిన రెండేళ్ళకి 1929 మాంద్యం. గదులు ఖాళీ, అప్పుల మీద వడ్డీ మాత్రం ఖాళీ కాదు. ఆ కుటుంబానికే ఒక ఇన్సూరెన్స్ కంపెనీ కూడా ఉండేది. హోటల్ని నిలబెట్టడానికి దాంట్లోంచి డబ్బు మళ్ళించారు. రెండూ మునిగాయి. 1933లో తండ్రీకొడుకుల మీద కేసులు పెట్టారు. జేమ్స్‌కి పక్షవాతం వచ్చింది. ఇంకో కొడుకు రేమండ్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఎర్నెస్ట్‌కి కింది కోర్టులో శిక్ష పడింది, 1934లో ఇల్లినాయ్ సుప్రీం కోర్టు దాన్ని కొట్టేసింది. ఇదంతా ఇంట్లో ఉండి చూసిన ఎర్నెస్ట్ చిన్నకొడుకు జాన్ పాల్ స్టీవెన్స్ తర్వాత అమెరికా సుప్రీం కోర్టు జడ్జి అయి 1975 నుంచి 2010 దాకా పనిచేశాడు. హోటల్ మాటకొస్తే, 1942లో సైన్యం దాన్ని 60 లక్షల డాలర్లకి కొని యుద్ధానికి వెళ్ళే కుర్రాళ్ళని అందులో పెట్టింది. 3 కోట్లు పెట్టి కట్టింది 60 లక్షలకి. ఘనమైన ఆ నాట్యశాల సైనికుల భోజనశాల అయింది. 1945లో అదీ హిల్టన్ చేతికే వచ్చింది.

కుర్చీలే వాళ్ళని ముంచాయి అని నేను అనట్లేదు. ముంచింది మాంద్యం, అప్పు. కానీ ఆ కథలో నాకు కనిపించింది ఇది: తలుపులు తెరిచే రోజుకే ఉన్నదంతా, తెచ్చిందంతా ఖర్చయిపోయింది. తెరిచాక ఏం జరిగినా తట్టుకోవడానికి హోటల్ దగ్గర తనదంటూ ఏమీ లేదు. ప్రాజెక్ట్ బడ్జెట్ గో-లైవ్ రోజుతో అయిపోతే రెండో రోజు సర్వర్ పడిపోయినప్పుడు ఎవరి జేబులోంచి తీయాలి? పక్క ప్రాజెక్టు జేబులోంచి. స్టీవెన్స్ కుటుంబం చేసింది అదే.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పద్ధతి మారింది. 1949లో ప్యూర్టో రికోలో కరీబ్ హిల్టన్ వచ్చింది. అక్కడి ప్రభుత్వ సంస్థ తన డబ్బుతో హోటల్ కట్టి, సామానుతో సహా సిద్ధం చేసి, నడపడానికి హిల్టన్‌కి లీజుకిచ్చింది. లాభంలో మూడింట రెండు వంతులు ప్రభుత్వానికి, మిగతాది నడిపినవాడికి. హిల్టన్‌కి స్వర్గం కదా ఇది! కట్టే గొడవ లేదు, కొనే గొడవ లేదు. ఆ తర్వాత ప్రపంచమంతా ఇలాంటి ఏర్పాట్లే వ్యాపించాయి. ఈనాడు మనం బోర్డు మీద చూసే పేరు ఒకరిది, లోపల పరుపుకి డబ్బు కట్టినవాడు ఇంకొకడు. చాలామందికి తెలియదు గానీ పెద్ద బ్రాండ్ల కింద నడిచే హోటళ్ళలో ఎక్కువ భాగం ఆ బ్రాండు సొంతం కావు.

ఇక్కడే అసలు చిక్కు. కుర్చీ ఎంచేవాడు ఒకడు, డబ్బిచ్చేవాడు ఒకడు అయినప్పుడు ఇద్దరికీ రెండు రకాల బుద్ధులు పుడతాయి. నడిపేవాడు ఏటా కొత్తవి కావాలంటాడు, వాడి పేరు పోకూడదు కదా. యజమాని ఇంకో రెండేళ్ళు లాగండి అంటాడు, వాడి డబ్బు పోకూడదు కదా. ఈ పేచీ తీర్చడానికి కాంట్రాక్టులోనే ఒక షరతు రాయడం అలవాటయింది. హోటల్‌కి వచ్చే మొత్తం రాబడిలో (లాభంలో కాదు, రాబడిలో!) ఇంత శాతం ప్రతి ఏడూ తీసి, విడి ఖాతాలో వేసి, సామాను మార్చడానికి తప్ప ముట్టుకోకూడదు. మామూలుగా 4 శాతం. కొత్త హోటల్ అయితే మొదటి ఏడాది తక్కువతో మొదలెట్టి మూడో ఏటికి 4కి తెస్తారు. అప్పిచ్చే బ్యాంకులు కూడా చాలాచోట్ల ఇది అడుగుతాయి.

ఈ 4 శాతం నాకు చాలా నచ్చింది. కుర్చీ అనేది వస్తువు కాదు, నెలనెలా కట్టే చందా అని ఒప్పుకోవడం అది. పరదాలు, తివాచీలు, పరుపులు, సోఫా గుడ్డలు 5 నుంచి 7 ఏళ్ళలో పోతాయి. చెక్క సామాను 10 నుంచి 15 ఏళ్ళు వస్తుంది. గోడలు మనవళ్ళ దాకా ఉంటాయి. ఇన్ని రకాల ఆయుష్షులున్న వాటిని ఒకే కాలంలో రాసి ఒకసారి కూడేస్తే ఆ మొత్తానికి అర్థం లేదు. అయితే 4 శాతం కూడా చాలదని హోటల్ కన్సల్టెంట్ల అధ్యయనాలు పదేపదే చెప్పాయి. పూర్తి జీవితకాలం చూస్తే ఖర్చు అంతకన్నా ఎక్కువే వస్తోందట.

ఇంతమంది లెక్కలరాయుళ్ళ మధ్య ఒక్క కళాకారుడి సంగతి కూడా చెప్పుకోకపోతే అన్యాయం. 1956-60 మధ్య కోపెన్‌హేగన్లో ఎస్ఏఎస్ విమాన సంస్థ కోసం ఆర్నె యాకబ్‌సన్ 275 గదుల రాయల్ హోటల్ కట్టాడు. ఆయన సామానుని ఆఖరి పద్దుగా వదల్లేదు. గోడతో పాటే కుర్చీ, కుర్చీతో పాటే దీపం, తలుపు పిడి, చివరికి తినే చెంచాలు కూడా తనే గీశాడు. ఆఫీసు లాబీల్లో, సినిమాల్లో మీరు చూసే గుడ్డు ఆకారపు కుర్చీ, హంస ఆకారపు కుర్చీ 1958లో ఈ హోటల్ కోసం పుట్టినవే. మరి ఏమయ్యాయి? ఆయన గీసిన గదులన్నీ రెనొవేషన్ల చేతిలో మారిపోయాయి, ఒక్క 606 నంబరు గది తప్ప. దాన్ని మాత్రం 1960లో ఉన్నట్టే ఉంచారు. ఆ కుర్చీలు మాత్రం ఫ్రిట్జ్ హాన్సెన్ కంపెనీ ఈరోజుకీ తయారు చేసి అమ్ముతోంది. ప్రపంచంలోకెల్లా శ్రద్ధగా సామాను అమర్చిన హోటల్లో కూడా ఆ సామాను నిలవలేదంటే, మన ప్లైవుడ్ మంచాలు నిలుస్తాయా చెప్పండి.

ఇప్పుడు కారణం చెప్తా. మా పెదనాన్నగారి అబ్బాయి రాజమండ్రి దగ్గర 40 గదుల హోటల్ కడుతున్నాడు. మూడెకరాల పొలం బ్యాంకులో పెట్టాడు. "ఒరేయ్, నువ్వు ఎక్సెల్ బాగా చేస్తావు కదా, కాస్త ఈ ఎస్టిమేటు చూసిపెట్టు" అని పంపాడు. పునాది, స్లాబులు, లిఫ్టు, జనరేటరు, అన్నీ రూపాయితో సహా ఉన్నాయి. ఆఖరి వరసలో ఫర్నిచర్ అని రాసి, పక్కన అంకె లేదు. ఫోన్ చేసి "ఇదేంటన్నయ్యా, ఖాళీగా ఉంది?" అంటే, "అది చివర్న చూసుకుందాంలేరా, మన వడ్రంగులున్నారుగా, ముహూర్తం లోపు చేసేస్తారు" అన్నాడు. ముహూర్తం మాత్రం అప్పుడే పెట్టేశారు. ముహూర్తం ముందు పెట్టి సామాను తర్వాత కొనేవాడికి బేరమాడే శక్తి ఉండదు. షాపువాడు చెప్పిందే ధర.

అందుకని ఇద్దరం కలిసి లెక్క వేశాం. గదికి రెండున్నర లక్షల చొప్పున 40 గదులకి కోటి రూపాయలు. అందులో సగం, అంటే 50 లక్షలు, ఏడేళ్ళకోసారి మారే మెత్త సామాను అనుకున్నాం. రోజుకి సగటున 26 గదులు నిండితే, గది 2,500కి ఇస్తే, ఏడాదికి దాదాపు 2 కోట్ల 37 లక్షల రాబడి. దాంట్లో 4 శాతం తొమ్మిదిన్నర లక్షలు. 14 ఏళ్ళు దాస్తే కోటీ 33 లక్షలు. ఆ 14 ఏళ్ళలో ఏడో ఏట 50 లక్షలు, పద్నాలుగో ఏట మొత్తం కోటి, కలిపి కోటిన్నర కావాలి. ఇంకా 17 లక్షలు తక్కువ! (ధరలు పెరగడం రెండు వైపులా ఉంటుంది కాబట్టి అంతా ఈనాటి రూపాయల్లోనే లెక్క వేశా.) ఏసీలు, లిఫ్టు ఇందులో లేనే లేవు. అన్నయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "అంటే కట్టేశాక కూడా కడుతూనే ఉండాలన్నమాట" అన్నాడు. నేనింత చదివి తెలుసుకున్నది ఆయన ఒక్క వాక్యంలో తేల్చేశాడు.

ఆయనకి నేను చెప్పినవి ఇవి, మీవాళ్ళెవరైనా కడుతుంటే మీరూ చెప్పండి. స్లాబు పడకముందే ఒక గది పూర్తిగా సామానుతో మాదిరికి తయారు చేయించండి. అందులో రెండ్రోజులు పడుకుని చూసి, అప్పుడు గదుల సంఖ్యతో గుణించండి. విరిగినప్పుడు జత దొరకదు కాబట్టి వందకి ఐదు చొప్పున అదనంగా కొని దాచండి. సామాను డబ్బుని మొదటి రోజే విడి ఖాతాలో వెయ్యండి, సిమెంటు వాడు ఎంత మొత్తుకున్నా అందులోంచి తియ్యకండి. ఏదైనా బ్రాండు పేరు పెట్టుకునేటట్టయితే, ఏడేళ్ళ తర్వాత వాళ్ళు ఏమేం మార్చమంటారో, ఎవరి ఖర్చుతోనో సంతకానికి ముందే చదవండి.

మన ఐటీ వాళ్ళలో సొంత ఊళ్ళో హోటల్, ఫంక్షన్ హాలు, సర్వీస్ అపార్ట్‌మెంట్లలో డబ్బు పెట్టేవాళ్ళు తక్కువేం లేరు. కట్టేవాడు మీకు త్రీడీ బొమ్మ చూపిస్తాడు, అందులో సోఫాలు మెరుస్తుంటాయి. ఆ సోఫా ఈ ఎస్టిమేటులో ఉందా, ఎనిమిదో ఏట దాని బదులు వచ్చే సోఫాకి డబ్బు ఎక్కడ రాశారు అని అడగండి. వాడు తడబడితే చెక్కు మీద సంతకం పెట్టకండి. పొలం తాకట్టు పెట్టినవాడికి ఆ ఒక్క ప్రశ్నే కాపుదల.

మీలో ఎవరైనా ఈ లెక్కలు నిజంగా చేసినవాళ్ళుంటే మీ అంకెలు రాయండి. మా అన్నయ్య ఎదురు చూస్తున్నాడు.